పామును కరిచిన మనిషి

పాము కరిచిన మనిషిని ఇంగ్లీషులోకి తీసుకుపోయి, పామునే కరిచిన మనిషిగా మార్చి, ఆ విద్య నేర్పినందుకు తల్లిదండ్రుల చేత దండాలు పెట్టించుకునే మహానుభావులు మా బొగ్గుబాయిల ప్రాంతంలో ఉన్నారు. వాళ్ళలో ఒకాయనతో ఒక పూట వాదించాల్సి వచ్చింది. దయ్యం పట్టిందన్న వాళ్ళతో వాదించాను. ముహూర్తం చూడందే బోరు వేయని వాళ్ళతో వాదించాను. వ్యాకరణం కూడా మూఢనమ్మకం కాగలదని మాత్రం ఆ పూటే తెలిసింది.

ఆయన ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడికి ప్రిన్సిపాల్. గోదావరిఖని నుంచి మా సెంటినరీ కాలనీకి వచ్చే ఆటోల వెనుక చేతులు జోడించిన ఆయన ఫోటో ఉండేది. ఫోటో కింద ‘రివర్స్ ఫార్ములా’ అని ఎర్ర అక్షరాలు. ఆ ఫార్ములా ఏమిటో ముందే చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

మనం ‘నిన్న వచ్చిన మనిషి’ అంటాం. ‘వచ్చిన’ అనే ఒక్క మాటలో ఒక వాక్యమే మడతపడి మనిషి ముందు కూర్చుంటుంది. ఇంగ్లీషుకు ఆ మడత లేదు. అది మనిషిని ముందు నిలబెట్టి, వెనుక ‘హూ’ పెట్టి, ఆ తర్వాత అతని సంగతి చెబుతుంది. వస్తువైతే ‘విచ్’ పెడుతుంది, రెంటికీ పనికొచ్చే ‘దట్’ కూడా ఉంది. వీటిని సంబంధ సర్వనామాలు అంటారు. ఎవరికి ఎవరితో ఏం సంబంధమో చెప్పడం వాటి పని అని పేరులోనే ఉంది. ప్రిన్సిపాల్ గారు ఆ పేరును పక్కన పారేసి పిల్లలకు ఒక మంత్రం ఇచ్చారు: తెలుగు వాక్యాన్ని తోక నుంచి తలకు తిప్పండి, మధ్యలో ‘హూ’ పెట్టండి, ఆలోచించకండి. ‘ఆలోచించకండి’ అన్న మాట నేను కల్పించింది కాదు. తరగతి గోడ మీద రాయించారు.

మంత్రం ఒక్కోసారి పనిచేస్తుంది. అందుకే మంత్రాలు బతుకుతాయి. ‘బాయికి పోయిన మనిషి’ని తిప్పండి: ద మ్యాన్ హూ వెంట్ టు ద మైన్. బాగానే ఉంది. ‘సైకిల్ తొక్కిన అమ్మాయి’ని తిప్పండి. అదీ బాగానే ఉంది. ఇప్పుడు ‘టిప్పర్ గుద్దిన అవ్వ’ను తిప్పండి: ద ఓల్డ్ ఉమన్ హూ హిట్ ద టిప్పర్. బొగ్గు టిప్పర్‌ను గుద్దిన అవ్వ! అంతటి అవ్వ నిజంగా దొరికితే ఓపెన్‌కాస్టు గనిలో పెట్టుకోవచ్చు, బ్లాస్టింగ్ అక్కర్లేదు.

తప్పు అవ్వది కాదు, తెలుగుదీ కాదు. ‘గుద్దిన’ అనే మాట గుద్దినవాడి పక్కన ఎట్లా కూర్చుంటుందో, దెబ్బ తిన్నవాడి పక్కన కూడా అట్లాగే కూర్చుంటుంది. ఎవరు ఎవరిని అన్నది పక్కనున్న చిన్న ‘ను’ చెబుతుంది. అది లేని చోట లోకజ్ఞానం చెబుతుంది. ఇంగ్లీషుకు ఆ ‘ను’ లేదు. దాని దగ్గర ఉన్నది చోటు ఒక్కటే. చేసినవాడి పేరు క్రియకు ముందుందా, తర్వాతుందా? అటుది ఇటు జరిగితే దొంగ దొర అవుతాడు. కాబట్టి ఆలోచించకుండా అనువదించడం అనేది ఉండదు. ఉంటుందని చెప్పేవాడు విభూతి అమ్ముతున్నట్టే.

మందమర్రి వైపు సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్పినన్నాళ్ళూ నేను పిల్లలను అడిగింది ఒకటే: పని చేసింది ఎవరు, అది పడింది ఎవరి మీద? ఈ అలవాటు నాకు వ్యాకరణ పుస్తకం నేర్పలేదు, సంస్కరణ సభలు నేర్పాయి. నేను యువకుడిగా ఉన్న రోజుల్లో ఒక సభలో ఒక ఆచారపరుడు లేచి ‘చెడిపోయిన ఆడది’ అని ఉపన్యాసం మొదలుపెట్టాడు. మా వైపు పెద్దాయన కూర్చున్న చోటు నుంచే అడిగాడు: “చెడిపోయినదా, చెడగొట్టబడ్డదా? చెడగొట్టినవాడు మీ వాక్యంలో ఎక్కడున్నాడు?” ఆ రోజు నుంచి ఎవరు ఏ విశేషణం వాడినా దాని వెనుక దాక్కున్న మనిషిని బయటికి లాగడమే నా పని అయింది. చాలామందికి నేను నచ్చకపోవడానికి కారణం అదే.

ఇక జరిగిన సంగతి. మా కాలనీ రోడ్డు మీద స్కూటర్లు బాగుచేసే షెడ్డు నడిపే భాయ్ ఉన్నాడు. వాళ్ళింట్లో దక్కనీ, బయట మన తెలుగు. ఆయన కూతురు ఆ బడిలోనే పదో తరగతి. ఒక పొద్దున ఆయన చేతులకున్న గ్రీజు కూడా తుడుచుకోకుండా మా గుమ్మంలో నిలబడ్డాడు.

“సార్, జెర మా పొల్ల స్కూల్ దాక రావాలె. టీసీ ఇస్తమంటాండ్రు.”

“ఎందుకు భాయ్?”

“ఎవలనో కొట్టిందట. ఒప్పుకున్నదట గూడ. ఇంగ్లీషుల ఒప్పుకున్నదట సార్.”

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో భయంతో పాటు రవ్వంత గర్వం కూడా వినిపించింది. మా ప్రాంతాన్ని ఈ బళ్ళు ఏం చేశాయో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కూతురి మీద నేరం పడింది, పడినా ఇంగ్లీషులో పడింది.

పదో తరగతి పిల్లకు నడి సంవత్సరంలో టీసీ ఇస్తే ఇంకో బడి చేర్చుకోదు. పరీక్షే పోతుంది. ఆయన భయం అది. ఆయనతో కలిసి వెళ్ళేసరికి షెడ్డులో పాత సీటు మీద కూతురు కూర్చుని ఉంది. ఎడమ చెవి వాచి ఎర్రగా ఉంది.

“చెవు గట్ల ఎందుకు వాచింది బిడ్డా?”

“ఆమె కొట్టింది తాతా. స్టీల్ బాటిల్‌తోని.”

“మరి నువ్వేం చేసినవ్?”

“నేనేం చెయ్యలే. నల్ల కాడ లైన్ల నిలవడ్డ. ఆమె నడుమల జొరవడ్డది. ఎనుకకు పో అన్న. గంతే.”

“సార్‌కు గదే చెప్పినవా?”

“గదే చెప్పిన. ఆ పిల్ల కొట్టిన పిల్లను నేనే అని.”

“తెలుగులనా?”

“ఆఫీస్ రూముల తెలుగు మాట్లాడనియ్యరు గద తాతా. ఇంగ్లీషుల చెప్పిన.” ఆమె వెన్ను నిటారు చేసుకుని, పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది. “ఐ యామ్ ద గర్ల్ హూ బీట్ దట్ గర్ల్.”

ఆ అమ్మాయిని కొట్టిన అమ్మాయిని నేనే. ప్రిన్సిపాల్ చెవిన పడింది అది. ఆ సమయానికి కొట్టిన పిల్ల అదే గదిలో మూలన నిలబడి ఏడుస్తోందట. దెబ్బతిన్న పిల్ల పూర్తి వాక్యంలో, మంచి ఉచ్చారణతో, నేరం ఒప్పుకుంది.

“గట్లెందుకు చెప్పినవ్ బిడ్డా?”

“సార్ చెప్పినట్లనే తాతా. తోక నుంచి తిప్పిన. నడుమల హూ పెట్టిన.”

“మీ ఇంట్ల మాటల్నయితే ఎట్లంటవ్?”

“ఉనే మారే సో లడ్కీ మైచ్.”

చూడండి, దక్కనీ కూడా మన పక్కన ఇన్ని తరాలు కాపురం చేసి మన మడతే నేర్చుకుంది. ‘ఉనే’ అంటే ఆమె, ‘మారే సో లడ్కీ’ అంటే కొట్టిన పిల్ల, ‘మైచ్’ అంటే నేనే. కొట్టిందో, కొట్టించుకుందో వినేవాడు గ్రహించుకోవాలి. రెండు భాషలు తెలిసిన పిల్ల రెండింటిలోనూ నిజమే చెప్పింది. మూడో భాషలోకి ఫార్ములా ఎక్కి వెళ్ళేసరికి దోషి అయింది.

తండ్రికి విడమరచి చెప్పాను.

“అంటే సార్, గలత్ చెప్పిందా?”

“ఎవలదో తప్పు తన నెత్తికి రాసుకున్నది భాయ్. మంచి ఇంగ్లీషుల.”

“గీ ఇంగ్లీషు కోసమేనా మేం పొల్లను సర్కారు బడి మాన్పిచ్చింది?” అని కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల తల దించుకుంది. “నిన్ను కాదు బేటా, నన్ను నేనే అంటాన.”

ముగ్గురం బడికి వెళ్ళాం. ప్రిన్సిపాల్ గదిలో ఒక మూల దేవత పటం, పటం ముందు పెన్నుల డబ్బా. పరీక్షల ముందు ఆ పెన్నులకు కుంకుమ పెట్టి పిల్లలకు పంచుతారట. ఆలోచించకుండా రాసే చేతికి కుంకుమ పెన్ను కన్నా తగింది ఏముంటుంది?

“రండి సార్, రండి. మీ వ్యాసాలు చదువుత. దేవుణ్ణి జెర ఎక్కువ తిడ్తరు మీరు,” అన్నాడాయన నవ్వుతూ.

“దేవుడు జవాబియ్యడు గద. మీరు ఇస్తరని వచ్చిన.”

నవ్వు కాస్త తగ్గింది. భాయ్ నిలబడే ఉన్నాడు. ఆయనకు కుర్చీ చూపలేదు. నేను కూర్చోలేదు.

“చూడుండ్రి సార్, నేను బలవంతం చెయ్యలే. అమ్మాయే కన్ఫెస్ చేసింది. ఫుల్ సెంటెన్స్. ఒక్క గ్రామర్ మిస్టేక్ లేదు.”

తన శిష్యురాలి మీద ఆయనకు నిజంగా అభిమానం కలిగినట్టుంది. బడి నుంచి గెంటేసే అభిమానం.

“ఆమె చెవు చూసిన్రా?”

“చూసిన. కొట్లాటల రెండు దిక్కుల తాకుతయి.”

“రెండో దిక్కు ఎక్కడ తాకింది?”

“ఆ పిల్ల ఏడ్చింది సార్.”

“నేనడిగింది ఏడుపు కాదు, దెబ్బ.”

ఆయన భాయ్ తల మీదుగా కిటికీ వైపు చూస్తూ గొంతు తగ్గించాడు. “వీళ్ళ ఇండ్లల్ల జెర గరం ఎక్కువుంటది సార్. మీకు తెల్వదా?”

“వీళ్ళు అంటే ఎవలు?”

“అంటే… జనరల్‌గ.”

ఆ ‘వీళ్ళు’ కూడా సర్వనామమే. అది ఎవరిని చూపుతోందో ఆయనకు తెలుసు, నాకు తెలుసు, ఎదురుగా నిలబడ్డ భాయ్‌కి అందరికంటే బాగా తెలుసు. దానికి మాత్రం ఏ ఫార్ములా అక్కర్లేకపోయింది.

నేను గోడకున్న తెల్లబోర్డు చూపించాను. “సార్, ఒక చిన్న పని. ‘పాము కరిచిన మనిషి’ ఇంగ్లీషుల రాసిపెట్టుండ్రి.”

ఆయన అనుమానించలేదు. మార్కర్ మూత తీసి, ఎన్నో ఏళ్ళ అలవాటుతో చెయ్యి నడిపించాడు. ద మ్యాన్ హూ బిట్ ద స్నేక్. చివర చుక్క కూడా పెట్టాడు.

“పాము బతికిందా సార్?” అని అడిగాను.

పిల్ల చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భాయ్‌కి బోర్డు మీద ఉన్నది చదవడం రాకపోయినా కూతురి మొహం చదవడం వచ్చు. ఆయనకూ నవ్వు వచ్చింది, మింగేశాడు. ప్రిన్సిపాల్ వాక్యాన్ని మళ్ళీ చదువుకున్నాడు. ఎర్రబడి, అరచేత్తోనే తుడిచేశాడు.

“ఇది ఎక్సెప్షన్ సార్. ఎంత పెద్ద రూలుకైనా ఎక్సెప్షన్ ఉంటది.”

ఈ మాట నేను ఎన్ని నోళ్ళలో విన్నానో! తాయెత్తు పనిచేయకపోతే కట్టినవాడు ఇదే అంటాడు. ముహూర్తం చూసి చేసిన పెళ్ళి పెటాకులైతే పురోహితుడు ఇదే అంటాడు. నియమం ఎప్పుడూ ఒప్పే. తప్పంతా దాని కింద నలిగిన మనిషిది.

“ఎక్సెప్షన్ కాదు సార్. కరిచింది పాము. పాము మాట క్రియకు ముందు ఉండాలె. గట్లనే ఈ పొల్ల చెప్పాలనుకున్నది ‘ద గర్ల్ హూమ్ షీ బీట్’ అని.”

“హూమ్ ఇప్పుడు ఎవలు వాడుతాండ్రు సార్? అవుట్‌డేటెడ్. కావాలంటే నెట్‌ల చూడుండ్రి.”

“హూమ్ వద్దు, హూనే పెట్టుండ్రి. అదీ బరువైతే తీసిపారెయ్యుండ్రి. ‘ద గర్ల్ షీ బీట్’. ఇంగ్లీషు ఒప్పుకుంటది. షీని మాత్రం బీట్ ముందే కూర్చోబెట్టుండ్రి. అక్కడ కూర్చోవలసిన మనిషిని మీరు లేపి, ఈ పిల్లను కూర్చోబెట్టిన్రు.”

ఆయన చాలాసేపు మార్కర్ మూతను తీసి పెట్టాడు, పెట్టి తీశాడు. కొట్టిన పిల్ల తండ్రి ఆ బడికి వ్యాన్లు నడిపే మనిషి అని భాయ్ దారిలో చెప్పాడు. ప్రిన్సిపాల్ ఆలోచిస్తున్నది వ్యాకరణం గురించి కాదని నాకు అర్థమైంది. చివరకు పెద్దమనసు చేసుకున్నాడు.

“సరే సార్. మీ మొహం చూసి మాఫ్ చేస్తాన. టీసీ ఇయ్యం. వార్నింగ్ తోని వదిలేస్తం.”

“షుక్రియా సార్, షుక్రియా,” అని భాయ్ వంగి సలాం చేశాడు.

దెబ్బ తిన్నందుకు క్షమాభిక్ష దొరికింది. నాకు ఒళ్ళు మండింది. కానీ రేపు ఆ బెంచీ మీద కూర్చోవలసింది నేను కాదు. వాదం గెలిచి ఇంటికి పోయి పడుకోవడం నాకు సులువు. అందుకే బయటికి నడిచాను.

గేటు దగ్గర భాయ్ స్కూటర్ స్టాండు తీశాడు. మొహం వెలిగిపోతోంది. కూతురు ఎక్కలేదు.

“అబ్బా, సార్ మాఫ్ ఎందుకు చేసిండు?” అని తండ్రిని అడిగింది.

“చేసిండు గద బేటా. ఖుష్‌గుండు. జల్ది ఎక్కు.”

“నేను కొడితే గద మాఫ్ చెయ్యాలె. క్లాసుల అందరు నన్ను బాక్సర్ అంటాండ్రు. ఇప్పుడు మాఫ్ చేసిండంటే నేను బాక్సర్‌నే అయిత.”

“అననియ్యి. పరీక్షలు రాసి బయటవడు. టీసీ ఇస్తే యాడికి పోతం చెప్పు?”

“తెల్వది. గని నేను కొట్టలే అబ్బా.”

భాయ్ నా వైపు చూశాడు. ఏళ్ళ తరబడి సభల్లో మాట్లాడిన నోరు మూసుకోవడం ఎంత కష్టమో ఆ కాసేపట్లో తెలిసింది. ఆయన హ్యాండిల్ మీద చేతులు పెట్టి కూతురి చెవి చూశాడు, బడి గేటు చూశాడు. మళ్ళీ స్టాండు వేశాడు.

“సార్, ఇంకోపారి లోపలికి వస్తరా? ఈపారి నేను మాట్లాడ్త.”

ప్రిన్సిపాల్ ఫోనులో ఉన్నాడు. మమ్మల్ని చూసి పెట్టేశాడు.

“సార్, మీ మాఫీ మాకద్దు. వాపస్ తీసుకోండ్రి,” అన్నాడు భాయ్. “మా పొల్ల కొట్టలే. గా మాట క్లాసుల, అందరి ముందల చెప్పుండ్రి.”

“లేకుంటే?”

“లేకుంటే టీసీ ఇయ్యుండ్రి. ఎందుకిచ్చిన్రో గూడ దాని మీద రాయుండ్రి. మీ ఇంగ్లీషుల్నే రాయుండ్రి. పాము సంగతితోని కలిపి ఈ సార్ పేపర్ల ఏస్తడు.”

నేను అట్లా మాటివ్వలేదు. కాదని కూడా అనలేదు. ప్రిన్సిపాల్ తెల్లబోర్డు వైపు చూశాడు. తుడిచిన చోట నల్లటి మరక మిగిలి ఉంది. ఆయనకు సత్యం మీద ప్రేమ పుట్టిందని నేను అనుకోను. ఆటోల వెనుక ఉన్న తన ఫోటో గుర్తొచ్చి ఉంటుంది.

తరగతికి వెళ్ళాం. నేనూ భాయ్ తలుపు దగ్గర ఆగాం. పిల్లలు లేచి గుడ్ మార్నింగ్ పాడారు. ఆయన ఆ పిల్లను పక్కన నిలబెట్టుకుని మొదలుపెట్టాడు.

“దిస్ ఈజ్ ద గర్ల్ హూ…”

హూ దగ్గర ఆగిపోయాడు. ఇన్నాళ్ళూ ఆలోచించవద్దని చెప్పిన మనిషికి ఆ రోజు హూ తర్వాత ఏం రావాలో ఆలోచించక తప్పలేదు. షీ పెట్టాలంటే మొదటి బెంచీలో కూర్చున్న వ్యాన్ల ఆయన కూతురి వైపు చూడాలి. తరగతి అంతా ఎదురుచూస్తోంది. ఆయన దగ్గాడు.

“…హూ డిడ్ నాట్ బీట్ ఎనీబడీ.”

ఎవరినీ కొట్టని పిల్ల. తప్పులేని వాక్యం. నిజమైన వాక్యం. ఆమె చెవి వాచింది కాబట్టి కొట్టినవాళ్ళు ఎవరో ఉండాలి. వాళ్ళ కాలు తొక్కకుండా ఎంత జాగ్రత్తగా పక్కనుంచి నడిచాడో చూడండి. అవసరమొస్తే ఈ మనుషులకు వ్యాకరణం ఎంత బాగా వస్తుందో అని నాకు ఆశ్చర్యం వేసింది. అసహ్యం కూడా వేసింది.

“సార్, నన్ను కొట్టింది ఎవలో గూడ చెప్పుండ్రి,” అంది ఆ పిల్ల. తెలుగులోనే అంది.

“సిట్ డౌన్,” అన్నాడాయన.

ఆమె ఒక నిమిషం అక్కడే నిలబడింది. తర్వాత వెళ్ళి తన బెంచీ దగ్గర ఆగింది. పక్కపిల్ల సంచి తీసి కింద పెట్టి చోటిచ్చింది. వెనుక బెంచీ నుంచి ఎవరో ‘బాక్సర్’ అనబోయి, మధ్యలోనే ఆపేసినట్టు వినిపించింది. ప్రిన్సిపాల్ మమ్మల్ని చూడకుండా దాటి వెళ్ళిపోయాడు.

భాయ్ కళ్ళు ఒత్తుకున్నాడు. గ్రీజు చెంపకు అంటింది.

“అయిపాయె సార్. పోదాం పట్టుండ్రి.”

“సగమే అయింది భాయ్. కొట్టిన పిల్లను ఎవలూ ఏం అడగలే.”

“నాకెరికే సార్. గా సగం పరీక్షలైనంక నేనే వచ్చి అడుగుత,” అన్నాడు. “ఇప్పుడైతే పొల్లను రాయనియ్యుండ్రి.”